పోలమ్మ చూసిన గుంపు

ఉద్యోగంలో చేరిన మొదటి వారం నాకు కొబ్బరికాయల కేసు ఇచ్చేరు. దొడ్లో పోసి ఉంచిన కాయలు పక్కింటాయన ఎత్తుకుపోయేడని ఫిర్యాదు. సాక్షి తెలుగులో "రాశి" అన్నాడు. నేను ఇంగ్లీషులో "స్టాక్" అని రాసేను. మా పై అధికారి అవధాని గారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి నన్ను పిలిచేరు.

"ఏమోయ్ రత్నం, కొబ్బరికాయ గుండ్రంగా ఉంటుందా, ఇటికలా ఉంటుందా?"

"గుండ్రంగానేనండి."

"మరి అంచులు కలిపి ఎలా సర్దేవు? కుమ్మరించి పోస్తే హీప్. ఒకదాని మీద ఒకటి పెడితే పైల్. అంచులు కలిపి సర్దితే స్టాక్. సర్దేరంటే అక్కడ ఓ మనిషి తీరిగ్గా కూర్చున్నాడని అర్థం. ఆ మనిషెవరని రేపు వకీలు అడుగుతాడు. లేని మనిషిని నువ్వు దొడ్లో కూర్చోబెట్టేవు."

లేని మనిషిని కూర్చోబెట్టడం. ఆ వేళ నవ్వుకున్నాను గాని, అదెంత సులువో, ఎంత భయంకరమో తెలియడానికి నాకు మరో ఏడాది పట్టింది.

నేను కోనసీమలో ఒక కోర్టులో ట్రాన్స్‌లేటర్‌గా పనిచేసేను. ఏ ఊళ్ళోదో చెప్పను, అవసరం లేదు. సాక్షులు తెలుగులో చెప్పింది కింది కోర్టు వారు తెలుగులోనే రాసి పంపేవారు. పైన విచారణ ఇంగ్లీషులో నడిచేది. మధ్యలో ఒక చిన్న గది, రెండు బల్లలు, ఒక టైపు మిషను, నేనూ అవధాని గారూ. ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి "ఏ డిక్షనరీ మంచిదండి?" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. డిక్షనరీ గురించి మాత్రం కాదు.

గుంపులకి పేర్లు

అవధాని గారిది వేదం చెప్పుకునే కుటుంబం. మాది కూలి కుటుంబం. చర్చి వాళ్ళ మిషను బడి పుణ్యమా అని నాకు ఇంగ్లీషు వచ్చింది. ఆయన సంస్కృతంలోంచి ఇంగ్లీషుకి వచ్చేరు, నేను చర్చి పక్క బడిలోంచి వచ్చేను. ఇద్దరం ఒకే బల్ల మీద టీ తాగేవాళ్ళం. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆయన మాత్రం దాన్ని ఒక విషయంగా ఎప్పుడూ చూడలేదు.

ఆయన ప్రాణమంతా ఇలాంటి మాటల మీదే ఉండేది. ఒకసారి బండారులంక నేతగాళ్ళు నలుగురు నూలు వ్యాపారి మీద సాక్ష్యానికి వచ్చేరు. కాగితంలో "మా జట్టు" అని ఉంది. నేను "గ్యాంగ్" అని కొట్టేను. ఆయన ఆ కాగితాన్ని మిషన్లోంచి లాగేసేరు.

"పొట్టకూటికి కలిసి మగ్గం నేసుకునేవాళ్ళు గ్యాంగా? జడ్జి గారు వాళ్ళ మొహం చూడకముందే నువ్వు వాళ్ళ చేతిలో కత్తి పెట్టేవు కదోయ్!"

ఆయన చెప్పిన తేడాలు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. క్రౌడంటే ఊరికే జనం, చూడ్డానికొచ్చినవాళ్ళూ అందులోనే. మాబ్ అంటే ఆ జనానికి కోపం వచ్చింది. గ్యాంగ్ అంటే వాళ్ళకో నాయకుడున్నాడు, ముందే మాట్లాడుకున్నారు. పార్టీ అంటే పని మీద వెళ్తున్నారు. హెర్డంటే గొడ్లు, ఫ్లాకంటే గొర్రెలూ పక్షులూ. తెలుగులో వీటిల్లో సగానికి "గుంపు" అనేస్తే సరిపోతుంది. మనకి సరిపోతుంది గాని, కోర్టుకి సరిపోదు.

లంకలో చావు

డెబ్బైల మొదట్లో కొత్తపేట వైపు గౌతమి పాయలో ఒక లంకలో వీరన్న అనే మనిషి చనిపోయేడు. అరటితోటకి కాపలా ఉండేవాడు. నలభై ఏళ్ళుంటాయి, ఈత వచ్చినవాడు. మార్గశిరంలో ఒక తెల్లవారుజామున తోటకని వెళ్ళి, మూడో రోజున దిగువ రేవులో తేలేడు. పక్కటెముకలు విరిగి ఉన్నాయి. మొద్దు వస్తువు తగిలిన దెబ్బలని డాక్టరు రాసేడు.

అంతకు వారం ముందే అవతలి గట్టు అన్నదమ్ములు అయిదుగురు వీరన్నతో గొడవపడ్డారు. వాళ్ళ గేదెలు రోజూ పాయ దాటి లంకలోకొచ్చి అరటిపిలకలు మేసేస్తున్నాయని వీరన్న గేదెల్ని కొట్టేడు. "నీ అంతు చూస్తాం" అని వాళ్ళు నలుగురి ముందూ అన్నారు. ఇంకేముంది, అయిదుగురినీ పట్టుకెళ్ళేరు.

చూసిన సాక్షి ఒక్కత్తే. పోలమ్మ అని, పడవలో గడ్డిమోపులు దాటించుకునే ముసలామె. కింది కోర్టులో ఆమె చెప్పింది నా బల్ల మీదకి వచ్చింది. ఆ ముక్కలు ఇప్పటికీ నాకు గుర్తే:

"మంచు బాగా పట్టుంది. అవతల ఇసకతిన్నె మీద గుంపు కనబడింది. వీరన్న ఎదురెళ్ళి చేతులు చాపి హోయ్ హోయ్ అని అరిచేడు. గుంపు ఆగలేదు. మీదమీదకి వచ్చేయి. ఆయన్ని తోసుకుంటా నీట్లోకి దిగిపోయేయి. మరి ఆయన కనబళ్ళేదు."

గుంపు ఎవరిదని వకీలు అడిగేడు. "ఆ అయిదుగురిదీనండి." ఎంతమంది? "లెక్కకి అందలేదండి." ఏమైనా మాట్లాడుకున్నారా? "చప్పుడే లేదండి. అంత గుంపు, ఒక్క చప్పుడు లేదు."

నేను పెద్దగా ఆలోచించలేదు. చంపుతామన్న అయిదుగురు, వాళ్ళ వెనక జనం, చచ్చిపోయిన మనిషి. "మాబ్" అని కొట్టేను. ఆ మాట కాగితం మీద నల్లగా, బలంగా పడింది. బాగా రాసేననిపించింది కూడా.

సరిచూడ్డం

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. పూర్తయిన ప్రతిని ఒకరు తెలుగులో పైకి చదువుతుంటే, ఇంకొకరు ఇంగ్లీషులో చదువుతూ పోల్చుకోవాలి. ఆ మధ్యాహ్నం అవధాని గారు తెలుగు చదువుతున్నారు.

"నీట్లోకి దిగిపోయేయి," అని చదివి ఆగేరు. మళ్ళీ చదివేరు. "దిగిపోయేయి. ఎవరోయ్ దిగింది?"

"ఆ జనమేనండి."

"జనమైతే దిగిపోయేరు కదా. ఇదేమిటి, వచ్చేయి, దిగిపోయేయి?"

నా ఇంగ్లీషు ప్రతిలో "దే" అని ఉంది. అదే ఇంగ్లీషుతో వచ్చిన చిక్కు. మనుషులైనా "దే", గేదెలైనా "దే", ఆకాశంలో మబ్బులైనా "దే". ఆ మాట దుప్పటి లాంటిది, కింద ఏముందో కప్పేస్తుంది.

"పల్లెటూరి ముసలామండి, మాట అలాగే ఉంటుంది," అన్నాను.

ఆయన కలం మూత తీసేరు. "నువ్వు వాళ్ళలోంచి వచ్చినవాడివి. వాళ్ళ మాట నాకంటే నీకే తెలుసులే," అని కింద సంతకం పెట్టేసేరు.

నా జీవితంలో నన్ను అంతగా నమ్మిన మాట ఇంకొకటి లేదు. అది నిలబెట్టుకోలేకపోయేను.

అమ్మ మాట

ఆ ఆదివారం ఇంటికెళ్ళేను. అమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పిట్టలు వచ్చి ఎండబెట్టిన వడియాల మీద వాలేయి. "చూడరా, మళ్ళీ వచ్చేయి," అంది. ఇంతలో నూర్పిళ్ళ నుంచి ఆడకూలీలు వీధిలో వెళ్తుంటే, "అప్పుడే వచ్చేసేరే!" అని పలకరించింది. రెండూ ఒక్క నిమిషంలో.

నేను తాగుతున్న గ్లాసు కింద పెట్టేను.

"అమ్మా, మనుషుల్ని వచ్చేయి అంటావా ఎప్పుడైనా?"

"మనిషిని అలా ఎందుకంటానురా?"

"బాగా కోపం వస్తే?"

అమ్మ గింజ తీయడం ఆపింది. "మా చిన్నప్పుడు కామందు అరుగు మీద కూర్చుని, కూలీలు వచ్చేయా, అని అడిగేవోడు. ఆఁ, వచ్చేయండి, అనేవోడు పాలేరు. అవి మేమే. ఆ మాట పడ్డవాళ్ళం, చస్తే ఇంకో మనిషిని అనం."

పోలమ్మా అలా పడ్డ మనిషే. ఆమె ఎవరిని "అవి" అంది? అయిదుగురు మనుషులు నేను కొట్టిన ఒక్క మాటతో ఉరికంబం దారి పట్టి ఉన్నారు. ఆ మాట మనుషుల గురించి కాకపోవచ్చు.

నేను చేసిన రెండో తప్పు

అప్పుడు చేయాల్సింది ఒక్కటే. తిరిగెళ్ళి అవధాని గారికి చెప్పడం. నేను ముందు ఆ లంకకి వెళ్ళేను. మీరెప్పుడూ అలా చేయకండి. కేసు నడుస్తుండగా ఆ చోటికి వెళ్ళడం మన పని కాదు. సాక్షితో మాట్లాడలేదన్నదొక్కటే నా సమర్థింపు.

జొన్నాడ దగ్గర మా మేనత్త ఇంట్లో పడుకుని, తెల్లారేసరికి రేవు చేరేను. పడవవాడు నన్ను లంక కొసన దింపి గడ్డి కోసుకోవడానికి వెళ్ళిపోయేడు. మంచు ఎంతుందంటే నా చెప్పులు నాకు కనబడుతున్నాయి గాని ముందుకి చాపిన చేతికర్ర కొస కనబడ్డం లేదు. నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో తెలియడం లేదు. అరటాకుల మీంచి బొట్లు పడుతున్న చప్పుడు ఒక్కటే. కాసేపటికి అదీ ఆగింది.

అప్పుడు తిన్నె మీద అవి కనబడ్డాయి. ఒక వరస. దాని వెనక ఇంకో వరస. నడుము ఎత్తు ఉన్నాయో, మనిషెత్తు ఉన్నాయో చెప్పలేను. మంచులో దూరం తెలియదు, దూరం తెలియకపోతే ఎత్తూ తెలియదు. నల్లగా ఉన్నాయి. నెమ్మదిగా నా వైపే వస్తున్నాయి. "ఎవరండీ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. జవాబు లేదు. ఇసక మీద అంతమంది నడిస్తే అడుగుల చప్పుడుండాలి, గేదెలైతే బుస ఉండాలి. ఏమీ లేదు. లెక్కపెట్టబోయేను. ఏడు దాకా వచ్చి, మొదటిదెక్కడో మరిచిపోయేను. మళ్ళీ మొదలుపెట్టేను. మళ్ళీ ఏడు దగ్గరే తప్పింది.

నేను వెనక్కి జరిగేను. జరిగినకొద్దీ అవీ వచ్చేయి. మడమలకి చల్లగా తగిలేదాకా నీళ్ళలోకి వెళ్తున్నానని తెలియలేదు. అక్కడే కూలబడిపోయి, కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు నేర్చుకున్న ప్రార్థన చెప్పుకున్నాను. నా పక్క నుంచి చల్లటి గాలి లాంటిది దాటింది. నీళ్ళు కదిలినట్టు అలలు నా మోకాళ్ళకి తగిలేయి.

ఎండ వచ్చేక చూస్తే తిన్నె ఖాళీ. ఇసక నిండా జాడలు. గిట్టలవీ ఉన్నాయి, పాదాలవీ ఉన్నాయి. రోజూ గొడ్లూ జనమూ దాటే చోటు. ఏవి ఆ రోజువో, ఏవి నిన్నటివో నేను చెప్పలేను. పడవవాడు వచ్చి నా తడిసిన బట్టలు చూసేడు. రేవు చేరేదాకా తొందరతొందరగా తెడ్డు వేసేడు.

మళ్ళీ బోనెక్కిన పోలమ్మ

అవధాని గారికి అంతా చెప్పేను. తిడతారనుకున్నాను. ఆయన రిటైరవడానికి మూడు నెలలు కూడా లేవు.

"కాగితం తియ్యి. తప్పు పడిందని జడ్జి గారికి రాయి. కింద నా పేరు కూడా రాయి."

"మీరు అడిగేరు కదండీ, నేనే కదా..."

"అడిగేను. అడిగి ఆపలేదు. సంతకం నాదే. రాయి."

లంకలో చూసింది రాయాలా అని అడిగేను. "నువ్వు సాక్షివి కావు. సాక్షి మాటకి చెవివి. చెవి ఏం చూసిందో కోర్టుకి అక్కర్లేదు," అన్నారు.

జడ్జి గారిది తెలుగు కాదు. వింటే కొంత అర్థమయ్యేది, చదవడం రాదు. మా ఇద్దరినీ గదిలోకి పిలిచి నిలబెట్టి అడిగేరు. కోప్పడ్డారు. కోప్పడుతూనే పోలమ్మని మళ్ళీ పిలిపించేరు.

ఆ రోజు ప్రశ్నలు తెలుగులోకి, జవాబులు ఇంగ్లీషులోకి నేనే చెప్పాలి. అవధాని గారు నా వెనకే నిలబడ్డారు. అయిదుగురు అన్నదమ్ములూ ఒక పక్క. ఇంకో పక్క వీరన్న భార్య సత్యవతి, తల మీద కొంగు.

"ఆ రోజు నువ్వు చూసింది మనుషులనా?" జడ్జి గారి ప్రశ్న నేను తెలుగులో అడిగేను.

పోలమ్మ ఆశ్చర్యపోయింది. "మనుషులని నేనెప్పుడన్నానండి బాబూ?"

కోర్టంతా కదిలింది. అన్నదమ్ముల్లో చిన్నవాడు నేల మీద కూర్చుండిపోయేడు.

"మరి ఆ అయిదుగురి గుంపని చెప్పేవు కదా?"

"ఆళ్ళ గేదెలు రోజూ ఆ తిన్నె మీంచే దిగుతాయండి. ఆళ్ళవే అనుకున్నానండి. తరవాత తెలిసింది, గొడవైన కాణ్ణించి గేదెల్ని పాకలోనే కట్టేసుంచేరంట. ఊరంతా చూసేరంట."

జడ్జి గారు కలం పైకెత్తేరు. "అయితే అవి వేరేవాళ్ళ గేదెలా?"

పోలమ్మ చూపు జడ్జి గారి మీద లేదు, నా మీద ఉంది. "గేదెలైతే ఊపిరి వినబడాల కదండి. నేను ముప్ఫై ఏళ్ళుగా గొడ్ల మధ్యే ఉన్నాను. అంత దగ్గరగా వెళ్తే పేడ వాసనైనా రావాల. రాలేదండి."

"మరేమిటవి?"

"గుంపండి."

జడ్జి గారు నన్ను చూసి, ఇంగ్లీషులో ఏమని రాసుకోవాలో చెప్పమన్నారు. నా నోట్లో మాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. క్రౌడ్. మాబ్. హెర్డ్. ఏది చెప్పినా, ఆ తిన్నె మీద లేనిదాన్ని నిలబెడుతున్నట్టే.

"దీనికి నా దగ్గర ఇంగ్లీషు మాట లేదండి," అన్నాను.

జడ్జి గారు నన్నూ, నా వెనక అవధాని గారినీ చూసి, ఇంగ్లీషు అక్షరాలతో గుంపు అనే రాసుకున్నారు.

అయిదుగురినీ వదిలేసేరు. మా ఇద్దరికీ హెచ్చరిక కాగితాలు వచ్చేయి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అవధాని గారి పుస్తకంలో పడ్డ నల్లమరక అదొక్కటే. అది పడ్డ మూడో వారానికి ఆయన రిటైరయ్యేరు. వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి, "మొదట్లో నువ్వు కొట్టిన మాట బాగుందోయ్. అందుకే నేనూ ఆగలేకపోయేను. బాగున్న మాట దగ్గరే రెండుసార్లు ఆగాలి," అన్నారు. ఆ తరవాత పదిహేనేళ్ళు ఆ గదిలో నేను చేసింది ఈ ఒక్క పనే. ఏదైనా మాట రాయగానే మనసుకి హాయిగా అనిపిస్తే, దాని మీద పెన్సిలుతో చుక్క పెట్టి మర్నాడు చూసేవాణ్ణి. మీరూ పెట్టండి. తెలియకపోతే తెలియదని రాయండి. ఆ మాట రాసినందుకు ఎవరూ ఉరికంబం ఎక్కలేదు.

సత్యవతి

ఎనభైల్లో ఒక సాయంత్రం అమలాపురం బస్టాండులో ఒకావిడ నా ముందుకొచ్చి నిలబడింది. కూతురి దగ్గరకి కాట్రేనికోన వెళ్తోందట. నేను గుర్తుపట్టలేదు. ఆవిడే చెప్పింది, వీరన్న భార్యనని.

"అయ్యగారూ, తీర్పులో మా ఆయన్ని ఎవరు చంపేరని రాసేరండి?"

ఇన్నేళ్ళూ ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కోర్టు తీర్పు ఇంగ్లీషులో ఉంది. ఆవిడకి తెలుగు కూడా చదవడం రాదు.

"ఎవరనీ తేలలేదమ్మా," అన్నాను. "పోలమ్మ చెప్పిన మాటే ఉంచేసేం. గుంపని."

ఆవిడ సంచీ కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నన్ను పోలీసులు ఏమీ అడగలేదండి. నేను చూడలేదు కదా మరి. ఆయన చనిపోయే ముందు మూడు రోజులూ తోట నుంచి వచ్చి అదే అనేవాడండి. మళ్ళీ దిగుతున్నాయే, అనేవాడు. ఎవరి గేదెలో అనుకున్నానండి. ఆఖరి రోజు మాత్రం గుమ్మంలో నిలబడి, నిన్నటికంటే దగ్గరగా వచ్చేయే, నా పేరు తెలిసినట్టు ఆగేయే, అన్నాడండి."

"మీరేమన్నారు?"

"ఏమిటవి అని అడగలేదండి. అన్నం చల్లారిపోతోంది, లోపలికి రమ్మన్నాను."